ఫిర్యాదు మూసే ముందు మమ్మల్ని ఒక్క మాట అడగండి

మా పట్టణ మున్సిపల్ చైర్‌పర్సన్ గారికి, కౌన్సిలర్లకు, కమిషనర్ గారికి, వార్డు సచివాలయాల సిబ్బందికి నమస్కారం.

మున్సిపల్ ఆఫీసు దగ్గర్లో నాకో చిన్న జిరాక్స్ షాపు ఉంది. అర్జీలు రాసిపెట్టడం, ఆన్‌లైన్‌లో ఇంటిపన్ను కట్టిపెట్టడం, పుట్టిన తేదీ సర్టిఫికెట్లకు ఫారాలు నింపడం నా రోజువారీ పని. మీ ఆఫీసు మెట్లెక్కే వాళ్లలో చాలామంది ముందు నా బల్ల దగ్గర ఆగుతారు. దిగి వచ్చేటప్పుడు లోపల ఏం జరిగిందో చెప్పి మరీ పోతారు. కాబట్టి మీ దాకా రాని కబుర్లు కొన్ని నా దాకా వస్తుంటాయి. ఊరి పేరు, వార్డు నంబరు కావాలనే రాయడం లేదు. ఎవరినో ఇరికించాలని నాకు లేదు. పైగా ఇది మా ఒక్క ఊరి గొడవ కూడా కాదు.

ఫిర్యాదు ఇవ్వడం ఇప్పుడు కష్టం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. 2019 అక్టోబరు 2న మన ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయ వ్యవస్థ మొదలైనప్పుడు పట్టణాల్లో సుమారు 4,000 మంది జనాభాకు ఒక వార్డు సచివాలయం పెట్టారు. నీళ్లకు, రోడ్లకు ఎమినిటీస్ సెక్రటరీ, చెత్తకు శానిటేషన్ సెక్రటరీ, ఇళ్ల ప్లాన్లకు ప్లానింగ్ సెక్రటరీ, ఇలా పనికో మనిషిని ఇచ్చారు. ఆ తర్వాత సర్దుబాట్లు జరిగాయి, కొందరికి రెండేసి సచివాలయాల పని పడింది. ఎలా ఉన్నా వీధి చివర ఒక ఆఫీసు ఉంది, సోమవారం గ్రీవెన్స్ ఉంది, ఫోనులో యాప్ ఉంది. ఇచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు వస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. కొన్నాళ్లకు ఫోనుకు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజ్ వస్తుంది. అది చూసి మనిషి బయటికొచ్చి కాలవ వైపు చూస్తే, కాలవ ఎప్పట్లాగే పొంగుతూ ఉంటుంది.

మా వీధి సంగతే చెబుతాను. పొద్దున కొళాయి వదిలిన మొదటి కాసేపు నీళ్లు మట్టిరంగులో, వాసనతో వచ్చేవి. తర్వాత తేటగా అయ్యేవి. అందువల్ల మధ్యాహ్నం ఎవరైనా వచ్చి చూస్తే ఏమీ కనపడదు. మా వీధిలో మెయిన్ పైపు కాలవ పక్కనే ఉంది, దానినుంచి ఇళ్లకు తీసుకున్న సన్న పైపులన్నీ కాలవలోంచే దాటి వస్తాయి. ఒక్క పైపు కాస్త పుచ్చినా చాలు. నీళ్లు వదిలినంతసేపు ఒత్తిడికి లోపలి నీరు బయటికి పోతుంది, కట్టేశాక పైపు ఖాళీ అయ్యి బయటి మురుగును లోపలికి లాగుతుంది. దీనికి తోడు మా జనం పైపుకే మోటారు బిగిస్తారు. మోటారు తిరిగితే లాగడం ఇంకా ఎక్కువవుతుంది. ఆ తప్పు మాదే, మిమ్మల్ని అనను. కానీ ఆ మోటార్లు తీయించాల్సింది మాత్రం మీరే.

ఫిర్యాదు పెట్టాం. మూసేశారు. ‘ఫిర్యాదుదారునితో మాట్లాడి సమస్య పరిష్కరించడమైనది’ అని రాసి, పక్కన ఒక ఫోటో పెట్టారు. ఫోటోలో వాల్వు గుంట ఉంది. అది మా వీధిది కూడా కాదు. మాతో మాట్లాడిన వాళ్లెవరూ లేరు. మళ్లీ తెరిపిస్తే మళ్లీ అదే వాక్యం, చుక్క కూడా మారలేదు. ఆఖరికి పక్క వీధిలో వేరే పని మీద వచ్చిన ఫిట్టర్‌ను బతిమాలి తీసుకొచ్చాం. ఆయన కాలవలో చెయ్యి పెట్టి తడిమి, ఎక్కడ పుచ్చిందో పట్టుకున్నాడు. ఆ ముక్క కోసి కొత్తది వేశాడు. పట్టుమని గంట పని. ‘ఈ ఫిర్యాదు నా దాకా రానేలేదండీ’ అన్నాడు. రాకముందే సచివాలయంలో మూసేశారు మరి.

ఆ మూసేసిన అమ్మాయి మీద నాకు కోపం లేదు. మా వార్డు పిల్లే, చదువుకుని పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. తర్వాత ఒకరోజు నా షాపుకే ఏదో ప్రింటు కోసం వస్తే అడిగాను. ప్రతి ఫిర్యాదుకూ గడువు ఉంటుందట. గడువు దాటితే ‘బియాండ్ ఎస్‌ఎల్‌ఏ’ అని పై ఆఫీసులో ఎర్రగా కనపడుతుందట. వీడియో కాన్ఫరెన్సులో పేరు పెట్టి లేపుతారట, మెమో వస్తుందట. పైపు ముక్క కొనే అధికారం ఆమెకు లేదు, ఫిట్టర్‌ను పంపే అధికారం లేదు, ఇంజినీరింగ్ సెక్షన్‌కు చెప్పడం వరకే. ఆమె చేతిలో ఉన్నది మూసే మీట ఒక్కటే. ఎర్రగా కనపడకుండా ఉండాలంటే అదే నొక్కాలి. ఆమె స్థానంలో నేనున్నా అదే నొక్కేవాణ్ణేమో. ఫిర్యాదు తెరిచి ఉంటే శిక్ష, దొంగగా మూస్తే ఏమీ లేదు. ఈ ఏర్పాటు పెట్టినవాళ్లు పైనెక్కడో ఉన్నారు గానీ, కౌన్సిల్ తల్చుకుంటే మన ఊరి వరకైనా దీన్ని సరిచేయవచ్చు.

నేను అడిగేది ఇదే. ఫిర్యాదు ఇచ్చినవాళ్లు ‘అయింది’ అనే దాకా అది మూయకూడదు. ఓటీపీ పెట్టండి, లేదా కాగితం మీద సంతకం తీసుకోండి, వేలిముద్ర అయినా సరే.

ఇదేమీ అయ్యే పని కాదని అనకండి. ప్రతి నెలా 1వ తేదీన ఇదే సచివాలయం సిబ్బంది పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి పింఛన్లు ఇస్తున్నారు. అక్కడ ముసలమ్మ వేలిముద్ర పడితేనో, ఫోనులో ఆమె ముఖం పట్టితేనో తప్ప పింఛను ఇచ్చినట్టు లెక్క కాదు. ‘ఇచ్చేశాం’ అని సిబ్బంది తమంతట తాము రాసుకుంటే ఎవరూ ఒప్పుకోరు. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి కూడా మన ఫోనుకొచ్చిన నంబరు అడిగి గానీ కదలడు. డబ్బు ఇవ్వడంలో మా వేలిముద్ర లేనిదే నమ్మని ప్రభుత్వం, కాలవ తీయడంలో మాత్రం మమ్మల్ని అడగక్కర్లేదని ఎందుకనుకుంటోంది?

‘ప్రజాభిప్రాయం కోసం ఐవీఆర్ఎస్ ఫోన్లు చేస్తున్నాం కదా’ అంటారు. చేస్తున్నారు. రికార్డు గొంతు మాట్లాడుతుంది, సంతృప్తి చెందితే ఒకటి నొక్కమంటుంది, లేకపోతే రెండు నొక్కమంటుంది. మా దగ్గర ఫిర్యాదులు ఎక్కువగా ఇచ్చేది పెద్ద వయసు ఆడవాళ్లు. పొద్దున నీళ్లు పట్టేది వాళ్లే కాబట్టి తెలిసేది వాళ్లకే. ఆ ఫోను ఏదో లోను కంపెనీదనుకుని పెట్టేస్తారు. పోనీ రెండు నొక్కినా, అప్పటికే మూసేసిన దాని మీద అభిప్రాయమది. నేనడిగేది మూయకముందు మాట.

అన్ని పనులూ మీ చేతిలో ఉండవని నాకు తెలుసు. మా సెంటర్లో మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్లది, రోడ్డు పక్క కాలవ మీది, ఊరి మధ్య పంట కాలవ ఇరిగేషన్‌ది. కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది, దానికి వేలాడే లైటు మీది. వీధిలైట్లు పురపాలక పనుల్లోనివేనని రాజ్యాంగం 12వ షెడ్యూలులో ఉన్న 18 అంశాల్లో ఒకటిగా రాసి ఉంది. కానీ లైటు వెలగకపోతే అది బల్బు తప్పా, లైను తప్పా అన్నది చీకట్లో నిలబడ్డ మనిషికి ఎలా తెలుస్తుంది? ఇద్దరిలో ఎవరికి ఫిర్యాదు ఇచ్చినా రెండోవాళ్ల పేరు చెప్పి మూసేస్తారు. ఇలాంటప్పుడు ‘ఇది మా పరిధిలోది కాదు, ఫలానా ఆఫీసుకు ఫలానా తేదీన పంపాం’ అని రాయండి. డబ్బు లేకపోతే ‘ఈ ఏడాది నిధులు లేవు’ అని రాయండి. కుదరదంటే కుదరదని రాసినా మేము పడతాం. చేయని పనిని చేశామంటే మాత్రం ఒళ్లు మండుతుంది. పైగా ‘నిధులు లేవు’ అని మూడు వందల ఫిర్యాదుల మీద రాసి ఉంటే, రేపు కౌన్సిలర్ గారు పైకి వెళ్లి నిధులు అడగడానికి అదే ఆధారం. ఇప్పుడున్న లెక్కల ప్రకారం మన ఊళ్లో సమస్యలే లేవు. సమస్యలు లేని ఊరికి డబ్బెవరిస్తారు?

మీ దగ్గర పనిచేసే వాళ్లలో అందరికంటే తక్కువ జీతగాళ్లను ఎంత గట్టిగా లెక్క చూస్తారో నేను రోజూ చూస్తున్నాను. పారిశుద్ధ్య కార్మికులు తెల్లవారుజామున హాజరు వేసే మస్టర్ పాయింటు దగ్గర ఫోను ముందు వరుసగా నిలబడి ముఖం చూపించాలి. యంత్రం ముఖం పట్టకపోతే వచ్చినా రానట్టే. చెమట పట్టిందనో, వెలుతురు లేదనో పట్టకపోతే మళ్లీ మళ్లీ తుడుచుకుని నిలబడతారు. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతా వాళ్లు సమ్మెకు దిగినప్పుడు నాలుగు రోజులకే మన కూరగాయల మార్కెట్టు వైపు ముక్కు మూసుకోకుండా వెళ్లలేకపోయాం. చీపురు పట్టే మనిషిది ముఖం చూస్తే గానీ నమ్మరు, కుర్చీలో ఉన్న సెక్షన్లు మాత్రం అయిందంటే అయినట్టే. ఈ తేడా నాకు మింగుడుపడదు.

జనన ధ్రువపత్రాల్లోనూ ఇదే తంతు. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్లే పంపుతారు, మనం వెళ్లక్కర్లేదు. బాగానే ఉంది. అయితే ఆసుపత్రిలో ఎవరో నర్సు హడావుడిలో రాసిన ఇంగ్లీషు స్పెల్లింగే సర్టిఫికెట్‌లోకి ఎక్కుతుంది. తండ్రి ఆధార్‌లో ఒక అక్షరం ఉంటే ఇందులో ఇంకోటి. 2023 అక్టోబరు 1 నుంచి జనన మరణాల నమోదు చట్టానికి కొత్త సవరణ అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఈ కాగితమే ఆధారం. అలాంటి కాగితంలో ఒక్క అక్షరం తప్పుపోతే అఫిడవిట్, నోటరీ, మళ్లీ ఆసుపత్రి లెటరు, మళ్లీ మీ మెట్లు. నా షాపుకు దాని మీద నాలుగు డబ్బులు వస్తాయి, నిజమే. అయినా చెబుతున్నాను. ఖరారు చేసే ముందు ఆ వివరాలు ఒక మెసేజ్‌గా తల్లిదండ్రులకు పంపి, సరిచూసుకోమని రెండు రోజులు ఆగండి. నా గిరాకీ కొంత తగ్గుతుంది, ఫర్వాలేదు.

నీళ్ల విషయానికి మళ్లీ వస్తున్నాను, ఎందుకంటే ఇందులో ఆలస్యానికి ప్రాణాలే పోతాయి. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటి పైపుల్లో మురుగు కలిసి అతిసారంతో పదిమందికి పైగా చనిపోయారు. అది ఎప్పుడో, ఎక్కడో జరిగింది కదా అనుకోవడానికి లేదు. అలాంటి పైపులే మన కింద కూడా ఉన్నాయి. ట్యాంకు దగ్గర క్లోరిన్ కలుపుతారు, రిజిస్టరులో రాసుకుంటారు. కానీ ప్రమాణం ప్రకారం కొళాయి దగ్గర, అందులోనూ చివరి ఇంటి కొళాయి దగ్గర, లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చూడటం పెద్ద విద్య కాదు. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. రంగు రాలేదంటే క్లోరిన్ దారిలోనే ఖర్చయిపోయిందని, అంటే ఎక్కడో మురుగు కలుస్తోందేమో చూడాలని అర్థం. ఈ పరీక్ష ట్యాంకు కింద చేసి లాభం లేదు. ప్రతి లైనులో చివరి ఇంటి దగ్గర, నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాల్లో చేయండి. ఆ ఇంటావిడ చేత రిజిస్టరులో సంతకం పెట్టించండి. ఆవిడకు రంగు కనపడితేనే పెడుతుంది. వానాకాలం నాలుగు నెలలు ఈ ఒక్క పని చేసినా ఆసుపత్రిలో పడకలు ఖాళీగా ఉంటాయి.

ఇక డబ్బు గురించి కాస్త. ఏప్రిల్ 30లోగా ఏడాది ఇంటిపన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ ఇస్తారు, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ వేస్తారు. తర్వాత కొన్ని మార్చి నెలల్లో బకాయిదారులకు వడ్డీలో మాఫీ అని ప్రకటిస్తారు, సరిగ్గా కట్టినవాళ్లం వెర్రిమొహాలేసుకుని చూస్తాం. అది వేరే బాధ. ఆ పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉందని చాలామందికి తెలియదు. 1960 గ్రంథాలయ చట్టం కింద మీరు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాల్సిన డబ్బది. మన శాఖా గ్రంథాలయంలో ఫ్యాను తిరగదు, పోటీ పరీక్షల పుస్తకాలు పాత ఎడిషన్లు. ఎంత వసూలు చేశారు, ఎంత పంపారు అన్న రెండు అంకెలు ఆ లైబ్రరీ తలుపు మీద అంటించండి, చాలు. ఇంకో మాట. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతాన్ని మంచినీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాలని ముడిపెట్టింది. అంటే డబ్బుకు పేరు రాసి మరీ పంపారు. మన వార్డులో ఆ పేరుతో ఏ పైపు మారిందో అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు.

చెప్పాలంటే ఎక్కడ చెప్పాలి, ఎక్కడ అడగాలి అన్నది అసలు గొడవ. పల్లెలో గ్రామసభ ఉంది. జరుగుతుందో లేదో తర్వాత, అడిగే హక్కయితే ఉంది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరానికి రాజ్యాంగం 243ఎస్ అధికరణం కింద వార్డు కమిటీలు ఉండాలంది. ఈ రెంటికీ మధ్యలో ఉన్న మన లాంటి ఊళ్లు ఈ రెండు లెక్కల్లోకీ రావు. పక్కన తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది: యువకులవి, మహిళలవి, సీనియర్ సిటిజన్లవి, ప్రముఖులవి. మాకు నాలుగు అక్కర్లేదు. మూడు నెలలకోసారి ఆదివారం పొద్దున సచివాలయం ముందు నాలుగు కుర్చీలు వేసి, మూసేసిన ఫిర్యాదుల జాబితా పైకి చదవండి. ఎవరిది అయిందో, ఎవరిది కాలేదో అక్కడే తేలిపోతుంది. మైకు కూడా వద్దు.

కౌన్సిల్ సమావేశాల సంగతి కూడా అంతే. అజెండా కౌన్సిలర్లకు ముందే వెళ్తుందంటారు. మాకు మాత్రం మర్నాడు పేపర్లో ‘సమావేశం రసాభాస, వాకౌట్’ అన్న నాలుగు లైన్లే దొరుకుతాయి. అసలు పనులేమో చివర్లో అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే టేబుల్ అజెండా అంటూ గబగబా ఆమోదం పొందుతాయి. 2005 సమాచార హక్కు చట్టంలో 4వ సెక్షన్ ఉంది. కౌన్సిల్ లాంటి సభల సమావేశాలకు జనం రావచ్చా, వాటి మినిట్స్ జనం చూడవచ్చా అన్నది ఎవరూ అడగకముందే మీరే ప్రకటించాలని అది చెబుతోంది. దరఖాస్తు పెట్టి 30 రోజులు ఆగి తెచ్చుకోవాల్సిన రహస్యమేమీ కాదు అది. సచివాలయం నోటీసు బోర్డు మీద ఇప్పుడు పాత పథకాల పోస్టర్లు ఎండకు వెలిసిపోయి ఉన్నాయి. అవి పీకేసి, సమావేశానికి ముందు అజెండా, తర్వాత తీర్మానాలు అంటించండి. కావాలంటే జిరాక్సులు నేను ఉచితంగా తీసిస్తాను.

ఇందులో దేనికీ కొత్త ఉద్యోగి అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. ఫిర్యాదు ఇచ్చినవారి ఆమోదం లేకుండా మూయరాదని ఒక తీర్మానం చాలు. దాన్ని వచ్చే సమావేశం అజెండాలో ముందుగానే పెట్టండి, టేబుల్ మీద కాదు. పాలకవర్గం లేని రోజుల్లో అయితే ప్రత్యేకాధికారి గారు ఒక సర్క్యులర్‌తో చేయగల పని. ఓటీపీకి సాఫ్ట్‌వేర్ మార్చాలి, అది పై వాళ్ల చేతిలో ఉందంటారేమో. అది మారేదాకా ఒక మామూలు నోటుపుస్తకం, ఒక పెన్ను సరిపోతాయి.

ఈ లేఖ కాపీ మీ ఇన్‌వార్డులో కూడా ఇచ్చాను. నంబరు వేసి స్టాంపు కొట్టారు. జవాబు రాసేటప్పుడు ‘ఫిర్యాదుదారునితో మాట్లాడి’ అని రాయాల్సి వస్తే, షాపు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచే ఉంటుంది. ఆదివారం ఒక్కపూట.

ఇట్లు,
మీ ఆఫీసు దగ్గర జిరాక్స్ షాపు నడుపుకునే ఒక పన్నుదారు